అజ్టెక్ సమాజంలో బట్టలు, హోదాలు: తరచుగా అడిగే ప్రశ్నలు

అజ్టెక్‌ల పేరు చెప్పగానే చాలామందికి నరబలి, పిరమిడ్ మెట్లు, రక్తం గుర్తొస్తాయి. ఆ సమాజం రోజూ ఎలా నడిచిందో తెలుసుకోవాలంటే మాత్రం బలిపీఠం కన్నా వాళ్ళ బట్టలే ఎక్కువ చెబుతాయి. ఎవరు ఏ నూలు కట్టాలి, ఉత్తరీయం మోకాలు దాటాలా వద్దా, కాళ్ళకు చెప్పులు ఉండొచ్చా అన్నవన్నీ అక్కడ రాజు పట్టించుకునే సంగతులు. దీని మీద ఎక్కువగా అడిగే ప్రశ్నలకు జవాబులు ఇక్కడ ఉన్నాయి.

అసలు ఎవరి గురించి మాట్లాడుతున్నాం?

ఇప్పుడు మెక్సికో సిటీ ఉన్న చోట ఒకప్పుడు పెద్ద సరస్సు ఉండేది. అందులోని దీవి మీద 1325 ప్రాంతంలో మెషీకా జనం టెనోచ్‌టిట్లాన్ అనే ఊరు కట్టుకున్నారు. 1428లో టెష్కోకో, ట్లాకోపాన్ అనే రెండు నగరాలతో పొత్తు పెట్టుకుని చుట్టుపక్కల రాజ్యాలను ఒక్కొక్కటిగా లొంగదీసుకున్నారు. 1521 ఆగస్టు 13న స్పెయిన్ నుంచి వచ్చిన ఎర్నాన్ కోర్టెస్, అతని పక్షాన నిలిచిన వేలాది మంది ట్లాష్కాలా యోధులు ఆ నగరాన్ని పట్టుకోవడంతో కథ ముగిసింది. మనం అజ్టెక్‌లు అంటున్నది ముఖ్యంగా వీళ్ళనే.

పైన రాజు, ఆయన కింద పిపిల్తిన్ అనే కులీనులు, వాళ్ళ కింద మాసెవాల్తిన్ అనే మామూలు జనం. రైతులు, చేతిపనివాళ్ళు, జాలర్లు అందరూ ఈ మామూలు జనంలోకే వస్తారు. అట్టడుగున బానిసలు. దూరదేశాలు తిరిగే పోచ్‌తెకా వర్తకులు పుట్టుకతో కులీనులు కారు, డబ్బులో మాత్రం కులీనులకు తీసిపోరు. బట్టల దగ్గర అసలు చిక్కంతా వీళ్ళతోనే వచ్చింది.

మామూలు మగవాళ్ళు, ఆడవాళ్ళు ఏం కట్టుకునేవారు?

మగవాడికి గోచీ, దాని మీద భుజాన ముడివేసే ఉత్తరీయం. గోచీని మాష్ట్లాట్ల్ అనీ ఉత్తరీయాన్ని టిల్మాట్లి అనీ పిలిచేవారు. ఆడవాళ్ళు నడుముకు ఒక బట్ట చుట్టి, దాన్ని నేసిన పట్టీతో బిగించి, పైన విపిల్లి అనే చేతుల్లేని వదులు చొక్కా తొడుక్కునేవారు. కెచ్‌కెమిట్ల్ అనే ముక్కోణపు పైబట్ట పూజల్లో, దేవతా విగ్రహాల మీద ఎక్కువగా కనిపిస్తుంది.

రాజు కట్టినా రైతు కట్టినా వీటి ఆకారం ఒక్కటే. మగ్గం మీంచి దిగిన నలుచదరపు గుడ్డను కత్తిరించకుండా అలాగే చుట్టుకునేవారు, లేదా రెండు మూడు గుడ్డలను అంచులు కలిపి కుట్టుకునేవారు. బట్ట ఆకారం మనిషి హోదాను చెప్పదు కాబట్టి నూలు, పొడవు, రంగు, అంచు ఆ పని చేసేవి.

పత్తికి అంత విలువ ఎందుకు?

టెనోచ్‌టిట్లాన్ సముద్ర మట్టానికి దాదాపు 2,240 మీటర్ల ఎత్తున ఉంది. చలికాలంలో మంచు పడి పంటలు మాడిపోయే చోటు అది, అక్కడ పత్తి పండదు. దక్షిణాన ఇప్పటి మొరేలోస్, గెరెరో ప్రాంతాల పల్లపు నేలల్లో, తూర్పున సముద్రతీరంలో పండేది. అజ్టెక్ రాజ్యంలో బరువు లాగే పశువులు లేవు. ప్రతి మూటా మనిషి వీపు మీదే, నుదుటికి తగిలించిన పట్టీ ఆధారంతో కొండలెక్కి రావాలి.

ఊళ్ళో సులభంగా దొరికేది మాగే. మన రైలు పట్టాల పక్కన, చేల గట్ల మీద కనిపించే కిత్తనార జాతి మొక్క అది. దాని మందపాటి ఆకును నానబెట్టి, గీకి, లోపలి పీచును ఉతికి వడికేవారు. మాగే నారంటే మోటు గోనె అనుకోవడం పొరపాటు. మంచి చేతిలో పడితే అది చాలా నాజూకుగా, మెత్తగా తయారవుతుంది. అయినా పత్తికున్న వెచ్చదనం దానికి రాదు, రంగు కూడా పత్తికి పట్టినంత బాగా పట్టదు. చలి ప్రదేశంలో వెచ్చటి బట్ట ఎవరి ఒంటి మీద ఉండాలన్నది చిన్న విషయం కాదు.

తెలుగు రైతుకు ఇక్కడొక సంబంధం ఉంది. మెక్సికో ప్రాంతంలో వేల ఏళ్ళ కిందట సాగులోకి వచ్చిన ఆ పత్తి జాతి పేరు గాసిపియం హిర్సుటం. ఈరోజు ఆదిలాబాద్, వరంగల్, గుంటూరు చేలల్లో వేసే బీటీ హైబ్రిడ్‌లలో దాదాపు అన్నీ ఈ జాతివే. మన పాత దేశవాళీ పత్తి వేరే జాతి.

బట్టల మీద నిజంగానే చట్టాలు ఉండేవా?

ఉండేవి. 1440 నుంచి 1469 వరకు ఏలిన మొదటి మొక్తెజూమా పెట్టిన కట్టడిని స్పానిష్ సన్యాసి డియేగో డురాన్ 1581లో ముగించిన తన చరిత్రలో వివరంగా రాశాడు. దాని ప్రకారం మామూలు జనం పత్తి బట్ట కట్టకూడదు, మాగే నార బట్టే కట్టాలి. ఉత్తరీయం మోకాలు దాటి కిందికి రాకూడదు, వస్తే మరణశిక్ష. రాజభవనంలో రాజు, ఆయన కుడిభుజం ట్లకయెలెల్ తప్ప ఎవరూ చెప్పులు వేసుకోకూడదు. బంగారు ఆభరణాలు, రత్నాలు పొదిగిన పెదవి బిళ్ళలు గొప్పవాళ్ళకే. మామూలు మనిషి రెండంతస్తుల ఇల్లు కట్టుకున్నా తప్పే.

ఈ కట్టడిలో నన్ను బాగా ఆపేసేది ఒక మినహాయింపు. యుద్ధంలో కాలికి గాయమైన వాడు మాత్రం పొడవాటి ఉత్తరీయం కట్టుకోవచ్చు. ఎవరైనా నిలదీస్తే బట్ట పైకెత్తి మచ్చ చూపించాలి. మచ్చ కనిపిస్తే వదిలేస్తారు, లేకపోతే ప్రాణం పోతుంది. కత్తికి వెనుదీయని కాలిని కప్పుకునే హక్కు ఆ మనిషికి ఉందని వాళ్ళ లెక్క. రాజ్యం యుద్ధం మీద బతుకుతోందని ఈ ఒక్క నియమం చాలు చెప్పడానికి.

మరి జనం ఈ చట్టాన్ని పాటించారా?

ఇక్కడ తొందరపడకూడదు. డురాన్ రాసేనాటికి ఆ రాజ్యం పడిపోయి అరవై ఏళ్ళయింది. ఆయనకు వివరాలు చెప్పినవాళ్ళలో, ఆయన చేతికొచ్చిన పాత చరిత్రల్లో కులీనుల గొంతే ఎక్కువ. తాతల కాలంలో అంతా పద్ధతిగా ఉండేది, ఎవరి స్థానంలో వాళ్ళుండేవారు అని చెప్పుకోవడం వాళ్ళకు అవసరం కూడా.

నేల మరో సంగతి చెబుతోంది. మొరేలోస్‌లో కాపిల్కో, క్వెష్కోమాటే అనే అజ్టెక్ కాలపు పల్లెలను పురావస్తు శాస్త్రజ్ఞుడు మైఖేల్ స్మిత్ బృందం 1980లలో తవ్వింది. రైతుల ఇళ్ళలోనూ మట్టితో చేసిన కదురు బిళ్ళలు దొరికాయి. కదురు పుల్లకు బరువు కోసం గుచ్చే చిన్న గుండ్రటి బిళ్ళలివి. మాగే పీచు వడకడానికి పెద్దవి, బరువైనవి కావాలి. పత్తికి చిన్నవి, తేలికవి చాలు. పత్తి వడికేటప్పుడు కదురు మొనను ఒక చిన్న మట్టి గిన్నెలో ఆనించి తిప్పేవారు, ఆ గిన్నెలు కూడా దొరికాయి. అంటే రైతు ఇంట్లో పత్తి వడుకుతున్నారు. అందులో చాలావరకు కప్పం కిందికి పోయుంటుంది, కానీ అంత పత్తి మధ్య బతికే మనిషి ఒక్క బట్ట కూడా కట్టలేదంటే నమ్మడం కష్టం.

ఇంకొకటి, సంత. టెనోచ్‌టిట్లాన్ పక్కనే ఉన్న ట్లాటెలోల్కో సంతకు రోజుకు 60,000 మంది వస్తారని కోర్టెస్ స్పెయిన్ రాజుకు రాశాడు. అన్ని రంగుల పత్తి నూలు చిలపలు చూసి గ్రనడా పట్టు బజారు గుర్తొచ్చిందట. అంత నూలు బహిరంగంగా అమ్ముడవుతున్న ఊళ్ళో కొనేవాడి పుట్టుక అడిగి అమ్మారనుకోలేం. అజ్టెక్ దుస్తుల మీద లోతుగా పనిచేసిన ప్యాట్రిషియా అనవాల్ట్ కూడా ఈ చట్టాలు కాగితం మీద ఉన్నంత గట్టిగా అమలు కాలేదనే చెప్పారు. నా అభిప్రాయం కూడా అదే. పత్తి వాడకాన్ని పూర్తిగా ఆపడం వాళ్ళ వల్ల కాలేదు. రాజు ఇచ్చే ప్రత్యేక అంచులు, ఈకల దుస్తులు, మణులు మాత్రం గట్టిగా కాపలాలో ఉన్నాయి. సంతలో దొరకని వాటికే కాపలా సాధ్యం.

ఈ బట్టలన్నీ ఎవరు నేసేవారు?

ఆడవాళ్ళు. రైతు భార్య నేసేది, రాజు భార్యలూ నేసేవారు. ఆడపిల్ల పుట్టగానే ఆమె ముందు కదురు, నేత సామాను, చీపురు పెట్టేవారు. మగపిల్లాడికి చిన్న డాలు, బాణాలు.

1541 ప్రాంతంలో అక్కడి చిత్రకారులు గీసిన మెండోజా కోడెక్స్ అనే బొమ్మల పుస్తకంలో పిల్లల పెంపకం ఏడాదికేడాదిగా బొమ్మల్లో ఉంది. నాలుగేళ్ళ పాపకు తల్లి కదురు చూపిస్తోంది. ఆరేళ్ళకు పాప తానే వడుకుతోంది. పద్నాలుగేళ్ళకు మగ్గం ముందు కూర్చుంది. మధ్యలో సరిగ్గా చేయకపోతే శిక్షలూ ఉన్నాయి: చేతుల్లో మాగే ముళ్ళు గుచ్చడం, ఘాటైన మిరప పొగ పట్టించడం.

ఆ మగ్గం మన గుంట మగ్గంలా ఒకచోట పాతి ఉండదు. పడుగు దారాల ఒక చివర కర్రను చెట్టుకో స్తంభానికో కడతారు, రెండో చివర కర్రను పట్టీతో నేసే మనిషి నడుముకు తగిలిస్తారు. ఆమె వెనక్కి వాలితే పడుగు బిగుస్తుంది, ముందుకు వంగితే వదులవుతుంది. బట్ట వెడల్పు ఆమె చేతులు చాచినంత మేరకే. పని అయిపోతే చుట్టచుట్టి మూలన పెట్టేయొచ్చు.

సామ్రాజ్యం అంతా ఈ పని మీద నిలబడింది. యోధుడికి రాజు ఇచ్చే బహుమతి, గుడికిచ్చే కానుక, పక్క రాజ్యంతో సంధి చేసుకునేటప్పుడు పంపే సారె, అన్నిటికీ మూలం ఏదో ఊళ్ళో ఒక ఆడమనిషి వంచిన నడుమే. ఆమె నేసిన బట్ట ఆమె భర్త కట్టుకోవడం తప్పని చట్టం అన్నది. ఈ విషయంలో నాకు ఏ చరిత్రకారుడి సమర్థింపూ రుచించదు.

మామూలు మనిషి మంచి బట్ట సంపాదించుకునే దారే లేదా?

ఒక దారి ఉంది: యుద్ధంలో శత్రువును ప్రాణాలతో పట్టుకోవడం. చంపితే లెక్కలోకి రాదు, బందీగా తేవాలి.

ఇది జుట్టుతోనే మొదలవుతుంది. పదేళ్ళ వయసులో మగపిల్లాడికి మెడ వెనక ఒక కుచ్చు జుట్టు వదిలేస్తారు. మొదటి బందీని తెచ్చాకే అది తీస్తారు. ఈడొచ్చినా ఆ కుచ్చు ఉందంటే ఊరంతా ఎగతాళి, ముఖ్యంగా ఆడపిల్లల ముందు తల ఎత్తుకోలేడు.

ఆపైన మెండోజా కోడెక్స్‌లో వరసగా బొమ్మలున్నాయి. ఒక బందీని తెచ్చినవాడికి పువ్వుల ఉత్తరీయం. ఇద్దరిని తెస్తే ఎర్ర అంచు ఉత్తరీయం, దానితో పాటు ఎత్తైన శంకువు టోపీ ఉన్న యుద్ధపు దుస్తు. ముగ్గురికి గాలిదేవుడి శంఖం గుర్తు ఉన్న ఉత్తరీయం. నలుగురిని తెచ్చినవాడికి జాగ్వార్ చర్మం చుక్కలున్న ఒళ్ళంతా కప్పే దుస్తు, నలుపు నారింజ పట్టీల ఉత్తరీయం. వీధిలో నడుస్తుంటే చాలు, ఆ మనిషి ఎంతమందిని పట్టాడో ఎదుటివాళ్ళు ఇట్టే చదివేసేవారు.

అలా పైకొచ్చినవాళ్ళు కొందరు దాదాపు కులీనుల మర్యాద పొందారు. ఈ తలుపు అన్ని కాలాల్లో ఒకేలా తెరిచి లేదు. 1502లో గద్దెనెక్కిన రెండో మొక్తెజూమా రాజభవనం కొలువుల్లోంచి మామూలు పుట్టుక ఉన్నవాళ్ళను తీసేసి కులీనుల పిల్లలను పెట్టాడని డురాన్ రాశాడు.

వర్తకుల దగ్గర డబ్బుంది కదా, వాళ్ళు ఏం కట్టేవారు?

బయట వీధిలో మాగే నార ఉత్తరీయాలే. పోచ్‌తెకా వర్తకులు నెలల తరబడి తిరిగి క్వెట్సల్ పక్షి ఈకలు, జేడ్ లాంటి పచ్చరాళ్ళు, కోకో గింజలు తెచ్చేవారు. ఊళ్ళోకి రాత్రి వేళ, సరుకు కప్పిపెట్టి వచ్చేవారు. మూటలు సొంతింట్లో దించకుండా బంధువుల ఇంట్లో పెట్టి, ఇవి నావి కావు, ఎవరో దాచమన్నారు అనేవారు. సన్యాసి బెర్నార్డినో డె సాగున్ పెద్ద వర్తకుల నోటే విని ఇదంతా రాయించాడు.

ఆ భయానికి కారణం ఉంది. గొప్పలకు పోయిన వర్తకుల మీద ఏదో నేరం మోపి చంపి, ఆస్తిని యోధులకు పంచిన సందర్భాలు అదే గ్రంథంలో ఉన్నాయి. అవిత్‌సోట్ల్ రాజు కాలంలో (1486–1502) దక్షిణాన నాలుగేళ్ళు ముట్టడిలో చిక్కుకుని, పోరాడి గెలిచి వచ్చిన వర్తకులకు మేలైన ఉత్తరీయాలు, ఈకలు, బంగారు పెదవి బిళ్ళలు ధరించే హక్కు దక్కింది. అదీ పెద్ద పండగల్లోనే.

బట్టలను డబ్బుగా వాడేవారట, నిజమేనా?

నిజమే. క్వాచ్‌ట్లి అనే తెల్లటి సాదా పత్తి గుడ్డలు పెద్ద నోట్లలా చలామణి అయ్యేవి, కోకో గింజలు చిల్లర. సాగున్ లెక్క ప్రకారం గుడ్డ నాణ్యతను బట్టి ఒక్కోటి 100, 80 లేదా 65 కోకో గింజలు చేసేది. బానిస ధర 30 గుడ్డలు, నాట్యం బాగా వస్తే 40.

కప్పం కూడా ముఖ్యంగా బట్టలే. మెండోజా కోడెక్స్ కప్పం పేజీల్లో ఉత్తరీయం బొమ్మ గీసి, దాని మీద ఈకలా కనిపించే ఒక గుర్తు పెట్టారు. ఆ ఒక్క గుర్తుకు విలువ 400. పేజీ తిప్పుతూ పోతే అలాంటి బొమ్మలు బారులు తీరి ఉంటాయి. అన్నీ కూడితే ఏడాదికి లక్షకు పైగా బట్టలు తేలతాయి.

రాజు ప్రత్యేకత ఏమిటి?

ఫిరోజా (టర్కాయిస్) మణి నీలం. ఆ రంగు మణుల కిరీటం, ముడులు కట్టి రంగు వేసిన గళ్ళూ చుక్కలూ ఉన్న నీలి ఉత్తరీయం రాజుకే చెల్లేవి.

1519 నవంబరు 8న రెండో మొక్తెజూమా కోర్టెస్‌కు ఎదురొచ్చినప్పుడు ఆయన కాళ్ళకు చెప్పులున్నాయి, పక్కన చేతులు పట్టుకుని నడిచిన ప్రభువులకు లేవు. ఆ చెప్పుల అడుగులు బంగారమని సైనికుడు బెర్నాల్ డియాస్ రాశాడు. రాజు కట్టి విడిచిన బట్ట మళ్ళీ కట్టడని కోర్టెస్ అంటే, కొన్ని రోజులాగి కడతాడని డియాస్ అంటాడు. ఇద్దరూ కళ్ళతో చూసినవాళ్ళే.

అన్నిటికన్నా నాకు అర్థవంతంగా అనిపించే ఆచారం వేరే ఉంది. రాజు దర్శనానికి ఎంత పెద్ద ప్రభువు వచ్చినా తన ఖరీదైన ఉత్తరీయం బయటే తీసేసి, నాసిరకం సాదా బట్ట కప్పుకుని, చెప్పులు విప్పి, తల వంచుకుని లోపలికి వెళ్ళాలి. తన ఊళ్ళో జనం ముందు అతను ప్రభువు. ఆ గది గుమ్మం దాటితే రైతు వేషం వేయక తప్పదు.

ఈకలు, రంగులు ఎక్కడివి?

ఎరుపు నాగజెముడు మీద బతికే కోచినీల్ పురుగు నుంచి, నీలం ఇండిగో జాతి మొక్క నుంచి, ఊదా పసిఫిక్ తీరపు నత్త నుంచి. చలికి కుందేలు బొచ్చును పత్తితో కలిపి నేసేవారు. ఈకల పని అమాంతెకా అనే ప్రత్యేక కళాకారులది. పొడవాటి ఆకుపచ్చ క్వెట్సల్ ఈకలు గ్వాటెమాలా వైపు అడవుల నుంచి వచ్చేవి. వియన్నా మ్యూజియంలో ఉన్న ప్రసిద్ధ ఈకల తలపాగా మొక్తెజూమాదే అని ప్రచారం ఉంది. ఆ మాటకు ఆధారం లేదు, 1596 నాటి ఒక ఆస్ట్రియా ప్రభువు వస్తువుల జాబితాలో అది మొదటిసారి కనిపిస్తుంది.

పూజారులు, బానిసల సంగతి?

పూజారులు ఒళ్ళంతా నల్లరంగు పూసుకునేవారు, పూజల్లో షికోల్లి అనే ముందు తెరిచి ఉండే చేతుల్లేని కోటు తొడిగేవారు. బానిసలకు మామూలు పేదవాడి బట్టే. మాట వినని బానిసకు సంతలో మెడకు కర్ర కాడి తగిలించేవారు. ఏటా పాంకెత్‌సలిస్ట్లి పండగకు సంపన్న వర్తకులు బానిసలను కొని, స్నానం చేయించి, మేలైన బట్టలు, పూలు, ఆభరణాలతో అలంకరించి బలి ఇచ్చేవారు. ఆ మనుషులు కట్టిన అత్యంత ఖరీదైన బట్ట అదే అయ్యుంటుంది.

స్పానిష్‌వాళ్ళు వచ్చాక ఏమైంది?

మగవాళ్ళ గోచీ పోయి చొక్కా, వదులు లాగు వచ్చాయి. సన్యాసులు పట్టుబట్టడం దీనికి ఒక కారణం. పాత కులీనులు స్పానిష్ దుస్తులు వేసుకోవడానికి, నడుముకు కత్తి పెట్టుకోవడానికి, గుర్రం ఎక్కడానికి లైసెన్సు ఇవ్వమని ప్రభుత్వానికి అర్జీలు పెట్టుకున్నారు. కొలమానం మారింది, కొలిచే అలవాటు మారలేదు. కోచినీల్ ఎరుపు మాత్రం వెండి తర్వాత మెక్సికో నుంచి యూరప్‌కు పోయే అత్యంత విలువైన ఎగుమతిగా మారింది.

ఆడవాళ్ళ బట్ట అంత తొందరగా మారలేదు. ఒయాహాకా, చియాపాస్, ప్యూబ్లా రాష్ట్రాల్లో విపిల్ ఇప్పటికీ నేస్తున్నారు, నడుముకు కట్టే అదే మగ్గం మీద.

అప్పటి బట్టలు ఇప్పుడు ఎక్కడైనా చూడొచ్చా?

చాలా తక్కువ. తేమ నేలలో గుడ్డ నిలవదు. మెక్సికో సిటీ నడిబొడ్డున పెద్దగుడి శిథిలాల్లో 102 నంబరు వేసిన నైవేద్యపు పెట్టెలో ఒక షికోల్లి, కాగితపు అలంకారాలు బయటపడ్డాయి. అలాంటివి అరుదు. మెండోజా కోడెక్స్ ఆక్స్‌ఫర్డ్‌లోని బోడ్లియన్ లైబ్రరీలో ఉంది. సాగున్ రాయించిన 12 భాగాల గ్రంథం ఫ్లారెన్స్‌లోని లారెన్షియన్ లైబ్రరీలో ఉంది. రెండిటి బొమ్మలనూ ఇంటర్నెట్‌లో ఉచితంగా చూడొచ్చు. మెండోజా కోడెక్స్ తెరిస్తే ముందు కప్పం పేజీలు చూడండి, ఆ తర్వాత మగ్గం ముందు కూర్చున్న పద్నాలుగేళ్ళ అమ్మాయి ఉన్న పేజీ.